ముప్పై ఒక్కమందికి ఒకటే నంబరు

గజేందర్ తెచ్చిన చీటీని సుర్రయ్యా రెండుసార్లు కంప్యూటర్లో ఎక్కించింది. రెండుసార్లూ స్క్రీను మీద ఎర్ర గీతే వచ్చింది. మూడోసారి ఎక్కించే ముందు కార్డు నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకె సరిచూసుకుంది. తప్పు తనదైతే బాగుండునని అనిపించింది. తన తప్పయితే దిద్దుకోవచ్చు.

"ఏమైందక్కా?" అన్నాడు గజేందర్. రాడ్లు వంచి వంచి అతని అరచేతులు మొద్దుబారిపోయాయి. ఆ చేతులతోనే కౌంటరు అంచు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు తమ్మీ, ఫోన్ చేసి అడుగుత."

ఆదివారం సాయంత్రం, ఈ అరబ్బు దేశంలో ఐన్ ఖాలిద్‌లోని ఆ మందుల షాపుకి కూలీల క్యాంప్ బస్సు వచ్చే రోజు. పని ముగించుకున్న పదిహేనుమంది బయట బస్సులో ఎదురుచూస్తున్నారు. డ్రైవరు అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టాడు. గజేందర్ కావాలనే అందరికన్నా వెనక దిగుతాడు. తను ఏ గోలీలు తీసుకుంటున్నాడో పక్కవాడి కంట పడకూడదని అతని తాపత్రయం.

ఇన్సూరెన్సు ఒక కంపెనీది. కార్డు మీద ఆ కంపెనీ బొమ్మే ఉంటుంది. కానీ ఎవరికి ఏ మందివ్వాలో, ఏది ఇవ్వకూడదో తేల్చేది మధ్యలో కూర్చున్న ఇంకో కంపెనీ. షాపులో అందరూ దాన్ని 'అప్రూవల్ వాళ్ళు' అంటారు. ఆరేళ్ళ నుంచి సుర్రయ్యా రోజుకు పదిసార్లు వాళ్ళతో మాట్లాడుతోంది, ఒక్క మనిషి ముఖమైనా ఎరగదు. డాక్టరు రాసిన మందును కూడా కాదనే ఆ గొంతులకి పేర్లు కూడా ఉండవు.

"లిస్టు మారింది మేడం," అంది అవతలి గొంతు. "ఈ మందు ఇప్పుడు లేదు. ముందు మూడు నెలలు లిస్టులో ఉన్నది వాడాలి. అది పనిచెయ్యకపోతే అప్పుడు చూస్తాం."

"అది పనిచెయ్యడం లేదని మీకెలా తెలుస్తుంది?"

"పేషెంటుకి ఫిట్స్ వస్తాయి కదా, అప్పుడు రిపోర్టు పెట్టండి."

సుర్రయ్యాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి కింద పడి కొట్టుకుంటే కాగితం పంపమంటున్నారు, అదీ మర్యాదగా, మేడం మేడం అంటూ. ఆమె ఫోన్ పెట్టేసి, గజేందర్‌కి విషయం తెలుగులో చెప్పింది. బోధన్‌లో పుట్టి పెరిగిన మనిషి, మెట్‌పల్లివాడితో మాట్లాడటానికి ఆమెకు వేరే భాష అక్కర్లేదు.

"ఆ గోలీ నేను ఊర్ల తిన్ననక్కా. రెండు నెలలు తిన్న. నాలుగుసార్లు పడ్డ." గజేందర్ గొంతు తగ్గించాడు. "ఇది తినవట్టినంక నాలుగేండ్లాయె, ఒక్కసారి రాలె. సైట్ల పడితే ఎట్లక్కా? అందరు చూస్తరు. తెల్లారేసరికి టికెట్ చేతుల వెట్టి పంపిస్తరు."

ఆ సంగతి సుర్రయ్యాకు తెలుసు. అతను వచ్చిన కొత్తలో స్కాఫోల్డింగ్ మీద వేశారు. ఎత్తంటే భయమని, కళ్ళు తిరుగుతాయని ఫోర్‌మన్ కాళ్ళావేళ్ళా పడి కిందికి దిగి రాడ్ల పనిలో చేరాడు. అప్పటి నుంచి సైటంతా అతన్ని పిరికోడా అని పిలుస్తుంది. అతను నవ్వి ఊరుకుంటాడు. ఆ పేరు చాటున నాలుగేళ్ళు నెట్టుకొచ్చాడు.

సొంతంగా ఒక స్ట్రిప్ కొనుక్కున్నాడు. పది గోలీలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. శుక్రవారం వరకు వస్తాయి.

"నేను పైకి కంప్లైంట్ వెడత," అంది సుర్రయ్యా. "గవర్నమెంటు ఆఫీసుకి. ఈ అప్రూవల్ కంపెనీల మీద ఇప్పుడు రూల్స్ వచ్చినయ్. నడుస్తున్న మందును మధ్యల ఆపొద్దని సర్క్యులర్ మాకు పోయిన నెలనే వచ్చింది."

"నా పేరు బయటికొస్తదా?"

"రాదు. నేనున్న కదా."

బస్సు మూడోసారి హారన్ కొట్టింది. గజేందర్ స్ట్రిప్‌ని సాక్సు లోపలికి దోపుకుని పరుగెత్తాడు. సుర్రయ్యా కంప్యూటర్లో ఫిర్యాదు ఫారం తెరిచి, కార్డు నంబరు కొట్టింది. మిగతా గళ్ళు వాటంతట అవే నిండాయి. కారణం అన్నచోట నాలుగు వాక్యాలు రాసి పంపేసింది. చాలా రోజుల తర్వాత మంచి పని చేశానని ఆమెకు తృప్తిగా అనిపించింది.

*

మర్నాడు పొద్దున మదీనత్ ఖలీఫాలో, విల్లాను గదులుగా చీల్చి అద్దెకిచ్చిన ఆ ఇంట్లో, సుర్రయ్యా రొట్టెలు కాలుస్తుంటే భర్త రఫీయుద్దీన్ ఫోన్ చూసుకుంటూ గొణిగాడు.

"ఎవరిదో పార్సిల్ అంట. నాకు మెసేజ్ వస్తున్నది. నా నంబర్ ఎవడు రాసిండో ఏమో!"

సుర్రయ్యా చేతిలో రొట్టె పెనం మీదికి వంకరగా పడింది.

రెండేళ్ళ క్రితం ఆ క్యాంప్‌వాళ్ళ కార్డులు ఒక్కసారే వచ్చాయి. ముప్పై ఒక్క పేర్లు, ఒక పొడుగాటి షీటు. మొబైల్ నంబరు గడి మొత్తం ఖాళీ. కూలీల సిమ్ములు నెలకోసారి మారుతుంటాయి, ఎవరిది నమ్మి రాయాలి? క్యాంప్ బాస్ నాగూర్ అప్పుడు తన నంబరు చెప్పి, "అందరికీ ఇదే కొట్టేయండమ్మా, మందులొస్తే నేనే పిలిచి చెప్తాను" అన్నాడు. పని సులువైందని సుర్రయ్యా సంతోషంగా అందరికీ అదే కొట్టింది. అప్రూవల్ వాళ్ళకు వెళ్ళిందీ, కార్డుల్లో నిలిచిపోయిందీ అదే నంబరు.

నిన్న ఫిర్యాదు ఫారంలో దానంతటది నిండిన గడిలో ఉన్నదీ అదే.

"ఏమైంది? మాడుతున్నది," అన్నాడు రఫీయుద్దీన్.

ఆమె స్టవ్ ఆపి ఆ గవర్నమెంటు ఆఫీసు హెల్ప్‌లైనుకి ఫోన్ చేసింది. ఫిర్యాదు చేరిందని పేషెంటు నంబరుకి మెసేజ్ నిన్ననే వెళ్ళిందన్నారు. అందులో పేరు ఉండదు, మందు పేరు ఉండదు, ఫలానా గ్రూపు కార్డు మీద మందు నిరాకరించిన విషయమై మీ ఫిర్యాదు అందింది అని మాత్రం ఉంటుందన్నారు. నంబరు మార్చాలంటే పేషెంటు ఐడీతో స్వయంగా రావాలన్నారు.

రఫీయుద్దీన్ అంతా విన్నాడు. "నీకెందుకు వచ్చిన గొడవ?" అనలేదు. పెనం మీది మాడిన రొట్టె తీసి పక్కన పెట్టాడు. చివరికి, "ఆ పిల్లగానికి చెప్పినవా?" అన్నాడు. చెప్పలేదు. చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

*

మంగళవారం షాపు తెరిచిన అరగంటకే మేనేజరు ఫహద్ ఆమెను లోపలికి పిలిచాడు. హైదరాబాద్ మనిషి. అందరితో నవ్వుతూ ఉంటాడు. ఆ రోజు కుర్చీలో కూర్చోనైనా లేదు.

"అప్రూవల్ కంపెనీ నుంచి ఫోనొచ్చింది ఆపా. మీ షాపు నుంచి ఎవరో మా మీద కంప్లైంట్ పెట్టిండ్రు, మీ కాంట్రాక్ట్ రివ్యూకి పెడుతున్నం అన్నడు. ఇన్సూరెన్సోళ్ళ నెట్‌వర్క్‌ల నుంచి మనను తీసేస్తే క్యాంప్ పేషెంట్లు ఒక్కడు రాడు. షాపే మూతపడ్తది. నా వీసా, మీ వీసా, ఉమేరా వీసా, అన్ని ఖతమ్."

షాపులో పనిచేసే ఉమేరా వెనక అర దగ్గర సిరప్ సీసాలు సర్దుతోంది. తన పేరు వినగానే ఆమె చేతులు ఆగాయి.

"వాపస్ తీసుకోండి," అన్నాడు ఫహద్. "పొరపాటున పెట్టినం అని ఒక మెయిల్, అంతే."

"సోంచాయించి చెప్త భాయ్."

పదకొండింటికి గవర్నమెంటు ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ ఫోన్ చేసింది. నెమ్మదైన గొంతు, ఇంగ్లిషులో ఒక్కో మాట విడదీసి మాట్లాడింది. ఫిర్యాదు చదివానంది. ఒక్క కేసే అయితే పొరపాటు జరిగిందని కంపెనీ చెబుతుంది, సర్దుకుంటుంది. ఎక్కువమందికి ఇలాగే జరుగుతుంటే అది వేరే విషయం, మొత్తం లిస్టునే తెప్పించి చూడాల్సి ఉంటుంది అంది. "ఇది ఒక్కరిదేనా? మీ దగ్గర ఇంకా ఎవరైనా ఉన్నారా?"

ఫహద్ ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"ఒక్కరే," అంది సుర్రయ్యా.

"గురువారం పదకొండింటికి నేనే వస్తాను."

ఫోన్ పెట్టేశాక అబద్ధం చెప్పానా అని తనని తాను అడిగింది. ఒక్కరే అనుకుంది కాబట్టి అబద్ధం కాదు. కానీ ఎర్ర గీతలు చూసి చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయిన వాళ్ళు ఈ రెండు నెలల్లో ఎంతమంది? వాళ్ళను ఆమె లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది, వెనక లైను ఉంటుంది.

*

మధ్యాహ్నం నాగూర్ వచ్చాడు. నెల్లూరు వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి, చంకలో హెల్మెట్, చేతిలో రెండు ఫోన్లు. సలాం కూడా చెప్పకుండా ఒక ఫోన్ కౌంటరు మీద పెట్టి మెసేజ్ తిప్పి చూపించాడు.

"ఏందమ్మా ఇది? నేనెప్పుడు కంప్లైంటు పెట్టాను?"

సుర్రయ్యా మెసేజ్ చదివినట్టు నటించింది.

"మీది కాదు. మీ నంబరు మీద ఉన్నవాళ్ళల్ల ఒకరిది."

"ఎవరిది?"

"చెప్పను."

"చెప్పరా?"

"పేషెంటు సంగతి చెప్పొద్దు నాగూర్ భాయ్. మీది ఇంకొకరికి చెప్తే మీరు ఊకుంటరా?"

నాగూర్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, నా కింద ముప్పై ఒక్కమంది. వాళ్ళల్లో ఒకడు ఏదో జబ్బు దాచిపెట్టి మందు మింగుతున్నాడు. రేపు వాడు పైనుంచి పడితే సేఫ్టీవాళ్ళు ముందు నా పీక పట్టుకుంటారు. నీ మనిషి జబ్బు నీకు తెలీదా అంటారు. తెలీదంటే జైలు, తెలుసంటే ఇంకా పెద్ద జైలు. పేరు చెప్పండి, నేను మెల్లగా చూసుకుంటాను."

మెల్లగా చూసుకోవడమంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. పాస్‌పోర్టు, టికెట్, ఎయిర్‌పోర్టు బస్సు.

"చెప్పను భాయ్."

"సరే. అయితే రాత్రి మెస్సులో అందర్నీ నిలబెట్టి అడుగుతాను. ఎట్లా చెప్పరో చూస్తా." ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్నాక కూడా సుర్రయ్యా కౌంటరు వెనకే నిలబడిపోయింది. ఉమేరా వచ్చి మంచినీళ్ళిచ్చింది.

*

బుధవారం లంచ్ టైములో గజేందర్ ఫోన్ చేశాడు. సైటు అల్ రువైస్ వైపు, సముద్రం పక్కన గోదాములు కడుతున్నారు. మాట వెనకాల గాలి హోరు.

"అక్కా, రాత్రి అందర్ని నిలవెట్టిండు."

"తెలుసు తమ్మీ. తప్పు నాదే." ఆమె నంబరు సంగతి మొత్తం చెప్పింది. చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. అతను తిడితే బాగుండునని అనిపించింది.

గజేందర్ తిట్టలేదు. "జబ్బు దాచిపెట్టి మందు తింటున్నది ఎవరు, ముంగటికి రార్రి అన్నడు. ఎవ్వడు కదల్లే. అన్నం చల్లారిపోయింది. నా కాళ్ళు వణుకుతున్నయి అక్కా, పక్కోనికి తెలుస్తదేమో అని గోడకు ఆనుకున్న. రేపటిదాంక టైమిస్తున్న, ఒక్కొక్కడు వచ్చి చెప్పుర్రి, లేకుంటే అందర్ని మెడికల్ టెస్టులకు తోల్త అన్నడు."

"గోలీ వేసుకుంటున్నవా?"

"లంచ్ టైం అయిపోతున్నదక్కా."

"గజేందర్!"

"సోమారం కాడికెల్లి పొద్దటిది తింటలేనక్కా. సాయంత్రం ఒక్కటే తింటున్న. ఎక్కువ దినాలు వస్తయి కదా అని."

ఇంత చదివి, ఇన్నేళ్ళు ఈ కౌంటరు వెనక నిలబడి, ఈ ఒక్క ముక్క ముందే చెప్పాలని సుర్రయ్యాకు తట్టలేదు. మందు అయిపోతుందంటే వీళ్ళు సగం మింగుతారు. అన్నం తక్కువైతే అందరికీ కొంచెం కొంచెం వడ్డించినట్టు, గోలీని కూడా రోజులకు పంచుతారు.

"వద్దు తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత. అట్ల చేస్తెనే ఫిట్స్ వస్తయి. ఇప్పుడే, నేను లైన్ల ఉండంగనే ఒకటి వేసుకో. అయిపోతే నేనిస్త, నా పైసలతోటి."

"ఎన్ని నెలలిస్తవక్కా?"

నీళ్ళు గుటక వేసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఎవరో "యల్లా యల్లా" అని తొందరపెట్టారు, ఫోన్ కట్టయింది. ఆ సాయంత్రమంతా షాపు ఫోన్ మోగిన ప్రతిసారీ గజేందర్ పడిపోయాడని ఎవరో చెబుతారని ఎదురుచూసింది.

*

గురువారం తొమ్మిదింటికి షట్టరు సగం లేపగానే దాని కిందనుంచి వంగి నాగూర్ లోపలికి వచ్చాడు. బీపీ చూసే కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. హెల్మెట్ లేదు. రాత్రి నిద్రపోయిన మనిషిలా లేడు.

"వచ్చి చెప్పారమ్మా," అన్నాడు.

సుర్రయ్యా అనుకున్నంతా అయింది. గజేందర్ చెప్పేశాడు. అయిపోయింది.

"ఏడుగురు."

"ఏంది?"

"ఏడుగురు వచ్చారు. మెస్సులో ఒక్కడూ నోరు విప్పలేదు. తర్వాత ఒకడు బాత్రూముల దగ్గర పట్టుకున్నాడు. ఒకడు బస్సులో పక్కన కూర్చుని చెవిలో చెప్పాడు. నర్సింలు లేడూ, వాడు ముసలాడు, నా కాళ్ళ మీద పడ్డాడు. ప్రతివాడూ ఆ కంప్లైంటు తనదే అనుకున్నాడమ్మా. ఎవరో తన పేరు మీద పెట్టేశారు, పట్టుబడిపోయాను అనుకున్నాడు." నాగూర్ జేబులోంచి సిమెంటు బస్తా కాగితం ముక్క తీశాడు. "రాసుకున్నాను. షుగర్ ఇంజెక్షన్ రెండు నెలల్నించి లేనోడు ఒకడు. గుండె మందు ఆగిపోయినోడు. ఆయాసం పంపు ఇవ్వక చీర గుడ్డ తడిపి మూతికి కట్టుకుని పడుకుంటున్నోడు. అందరికీ ఇక్కడే, ఈ కౌంటర్లోనే లేదు పొమ్మన్నారంట."

అవును. ఈ కౌంటర్లోనే. పొమ్మన్న గొంతు అప్రూవల్ వాళ్ళది, చెప్పిన నోరు తనది.

"వాళ్ళల్లో ముగ్గురు నాలుగో అంతస్తు మీద పనిచేస్తున్నారమ్మా," అన్నాడు నాగూర్. "రోజూ పొద్దున నేనే వాళ్ళని లెక్కపెట్టి బస్సెక్కిస్తాను. పైకి రాస్తే ఏడుగురూ ఇంటికి పోతారు. రాయకపోతే ఏ రోజు ఎవడు పడతాడో. నాకేం చెయ్యాలో తోచట్లేదు."

ఆమె ఆ కాగితం తీసుకుని చదివింది. నర్సింలు, లస్మయ్య, సురేందర్... ఒక్కో పేరూ మెల్లగా, కిందిదాకా. మళ్ళీ పైనుంచి చదివింది.

గజేందర్ పేరు లేదు.

"ఇందులో మీ మనిషి ఎవరో ఇప్పుడైనా చెప్పండి," అన్నాడు నాగూర్. గొంతులో మొన్నటి దబాయింపు లేదు.

సుర్రయ్యా కాగితం తిరిగి ఇచ్చేసింది. "మందు అందితే ఎవరు పడరు భాయ్. మందు లేకనే భయం. పదకొండింటికి ఆఫీసరమ్మ వస్తది. ఆమె మీ కంపెనీ మనిషి కాదు, లేబర్ ఆఫీసు కాదు. మందుల సంగతి తప్ప ఇంకోటి అడగదు. ఉంటరా?"

నాగూర్ పోతాననలేదు, ఉంటాననలేదు. కుర్చీలోనే కూర్చున్నాడు. ఆమె కార్డు నంబర్లు వెతికి, ఏడుగురి ఎర్ర గీతలూ ప్రింటు తీసింది. మిషను ఒక్కో కాగితం వదులుతుంటే ఫహద్ వచ్చాడు. మొదటి కాగితం చూశాడు, రెండోది చూశాడు. ఆమె ఎనిమిదోది, గజేందర్‌ది, తీసి అడుగున పెట్టేసరికి అతను ఆ కాగితాలను చేత్తో అదిమి పట్టాడు.

"ఆపా, మీరు ఒక్కటే అని చెప్పిండ్రు ఆమెకు."

"చెప్పిన."

"మరి?"

"అప్పుడు భయపడి చెప్పిన భాయ్. ఇప్పుడూ భయమే అయితున్నది."

ఫహద్ కోపంగా ఏదో అనబోయి, నాగూర్ ముందు అనలేక తన గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.

ఆఫీసరమ్మ సరిగ్గా పదకొండింటికి వచ్చింది. ఒంటినిండా నల్ల అబాయా, భుజాన ల్యాప్‌టాప్ సంచి. టీ వద్దంది. కౌంటరు మీదే ల్యాప్‌టాప్ తెరిచి, "మీరు ఫోన్లో చెప్పిన ప్రకారం ఒక్క పేషెంటు," అని మొదలుపెట్టింది.

"కాదు మేడం," అంది సుర్రయ్యా. "ఎనిమిది మంది. ఫైల్ నంబర్లు ఇస్తాను. పేర్లు వాళ్ళను అడిగి వాళ్ళు ఒప్పుకుంటేనే ఇస్తాను."

ఆఫీసరమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. కాగితాలు తీసుకుని ఒక్కొక్కటీ చూసింది. అన్నిటి కిందా ఒకే నిరాకరణ, ఒకే వాక్యం, ఒక్క అక్షరం తేడా లేదు. "ఒక్క డాక్టరైనా వీటిని చూసినట్టు సంతకం లేదే," అని తనలో తను అనుకున్నట్టు అంది. అక్కడికక్కడే ఒక ఫోన్ చేసి, విచారణ తేలేవరకు ఈ ఎనిమిది ఫైళ్ళకూ మందు ఆపవద్దని రెండు ముక్కల్లో చెప్పింది. అవతలి గొంతు ఏదో చెప్పబోయింది. ఆమె వినకుండా పెట్టేసింది.

ఆ తర్వాత నాగూర్ వైపు తిరిగింది.

"మీరు ఎవరు?"

"క్యాంప్ బాస్, మేడం." నాగూర్ లేచి నిలబడ్డాడు.

"వీళ్ళంతా మీ మనుషులేనా? ఎనిమిది మందేనా?"

నాగూర్ చేతిలో కాగితం ఉంది. అందులో ఏడు పేర్లున్నాయి, సొంత చేత్తో రాసుకున్నవి. అతను కాగితం వైపు చూశాడు. తర్వాత సుర్రయ్యా వైపు చూశాడు. తనకు వచ్చి చెప్పని వాడొకడు ఇంకా ఉన్నాడని ఆ క్షణంలో అతనికి తెలిసింది. ఒక్క మాట చాలు. 'నా దగ్గర ఏడుగురే ఉన్నారు, ఎనిమిదోవాడు ఎవడు?' అని అడిగితే చాలు.

నాగూర్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"ఎనిమిది మందే మేడం," అన్నాడు. "అందరూ నాకు తెలిసినోళ్ళే."